కలలో కుళ్లిన ఉల్లిగడ్డలు

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, తప్పులుంటే దిద్దుకోండి. ఇస్నాపూర్‌లో మా ఇంటి గదులు కంపెనీ పనివాళ్లకు కిరాయికిచ్చాను. పోయినేడు ఒక మధ్యాహ్నం కునుకు తీస్తుంటే, చనిపోయిన మా ఆయన కలలోకి వచ్చి కుళ్లిన ఉల్లిగడ్డల సంచి నా ముందు కుమ్మరించాడు.

లేచి పక్కింటి అండాలమ్మకు చెప్పాను.

"పెద్దాయన ఆకలిమీదున్నడక్కా. బియ్యం దానమియ్యి."

"బతికున్నప్పుడు తిన్నది సాలలేదా? అది సరే గని, మెలకువొచ్చినా వాసన పోతలేదేందే?"

"కంపెనీ వాసన. రోజు ఉండేదే గద!"

నాకు నమ్మకం కలగలేదు. గది గదికీ వాసన చూసుకుంటూ పోయాను. రాత్రి డ్యూటీ చేసొచ్చి బిహార్ అబ్బాయి పడుకున్న గది దగ్గర వాసన గుప్పుమంది. ఎంత కొట్టినా తలుపు తీయలేదు. అండాలమ్మను కేకేసి, ఇద్దరం తోసి గడియ ఊడగొట్టాం. లోపల చీకటి. అండాలమ్మ స్విచ్ మీదికి చెయ్యి చాపింది.

"లైటు ముట్టకే! గ్యాసు!"

అబ్బాయిని కాళ్లు పట్టి బయటికి ఈడ్చి, వంట గ్యాసు సిలిండరు కట్టేశాం. గాలి తగిలాక కళ్లు తెరిచి, "క్యా హువా అమ్మా?" అన్నాడు.

మా ఆయనే కలలో వచ్చి కాపాడాడని వాడంతా అంటుంది. కళ్లముందు పాలు పొంగినా లేచి పొయ్యి ఆపని మనిషి ఆయన! నిద్రలోనూ పనిచేసింది నా ముక్కు. పేరు మాత్రం ఆయనకొచ్చింది.