బోర్ల జాబితాలో లేని కాలనీ

నేను ఒక్కచోట కుదురుగా కూర్చునే మనిషిని కాదు. అలాంటిదాన్ని తెచ్చి గురజాలలో నీళ్ల ఆఫీసులో కాంట్రాక్టు కంప్యూటర్ ఆపరేటర్‌గా కూర్చోబెట్టారు. ఎండాకాలం మొదట్లో ఓ పొద్దున మా సారు మూడు ఎక్సెల్ ఫైళ్లు పంపి, "మధ్యాన్నం మీటింగులోపు ఈ మూడూ ఒక్క ఫైలు కావాలమ్మాయ్" అన్నారు. ఒకటి ఊళ్లు, కాలనీలు, తండాల్లో ఎన్నేసి ఇళ్లున్నాయో చెప్పే ఊళ్ల జాబితా, ఇంకోటి బోర్ల జాబితా, మూడోది ఏ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పే పరీక్షల ఫలితాలు. మూడూ కలిపితే నీళ్లు పనికిరాని చోట్లు తేలతాయి. అక్కడికి కాలవ నీళ్ల ట్యాంకరు వెళ్తుంది. కలపడంలో జారిపోయిన చోటికి వెళ్లదు.

బోర్ల జాబితాతో మొదలుపెట్టాను. ప్రతి బోరుకీ ఓ నంబరుంది, పరీక్షల జాబితాలోనూ అవే నంబర్లు. నంబరును బట్టి ఫలితాన్ని తెచ్చే ఫార్ములా రాసి కిందిదాకా లాగితే గళ్లన్నీ చకచకా నిండిపోయాయి. ఊరి పేరును బట్టి ఇళ్ల సంఖ్య కూడా తెచ్చాను. వెతికినా ఒక్క ఖాళీ గడి లేదు. భలే చేశావే అని నన్ను నేనే మెచ్చుకుని, అయిపోయిందని సారుకి ఫోన్‌లో చెప్పేశాను కూడా.

పంపేముందు మా కాలనీ ఎలా వచ్చిందో చూద్దామనిపించింది. పదిమంది ఉన్న ఫొటోలో ముందు మన మొహమే వెతుక్కుంటాం కదా, అలాగే. పేరు కొట్టి వెతికాను. లేదు. ఇంకోలా కొట్టాను. లేదు.

మాది వెల్దుర్తి వైపు ఓ ఊరిని ఆనుకుని ఉన్న కాలనీ. మాకంటూ బోరు లేదు. ఊరి బోరు దగ్గరే పట్టుకుంటాం. పొద్దున ఊరివాళ్ల వంతు, సాయంత్రం మాది. నేను పుట్టకముందు నుంచీ అంతే. జాబితాలో మాత్రం ఆ బోరు ఊరి పేరున ఒక్కటే వరస. బోర్లతో మొదలైన ఫైల్లోకి బోరు లేని కాలనీ ఎలా వస్తుంది? ఒళ్లు మండిపోయింది. మా అమ్మ గోడ పట్టుకుంటే తప్ప లేవలేనిది, ఎముకలు వంచేసే ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగే.

ఓ వరస చేర్చడం ఎంత పని? కానీ చేర్చలేకపోయాను. రేపు ఎవరైనా చూస్తే, సొంత కాలనీని దూర్చింది అనరూ? లేచి మంచినీళ్ల క్యాను దాకా వెళ్లి, తాగకుండానే తిరిగొచ్చాను. కూర్చున్నాను, మళ్లీ లేచాను. వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే తట్టింది: మేమే లేమంటే, మాలాంటివాళ్లు ఇంకెంతమంది లేరో.

చేసిందంతా పక్కన పడేసి, ఈసారి ఊళ్ల జాబితాతో మొదలుపెట్టాను. అప్పుడు బయటపడ్డాయి ఖాళీ గళ్లు. కాలనీలు, తండాలు, పొలాల మధ్య నాలుగిళ్ల గుంపులు. వాళ్లు ఏ బోరు నీళ్లు తాగుతున్నారో మూడు జాబితాల్లోనూ లేదు. ఒక్కో చోట తెలిసినవాళ్ల నంబరు పట్టుకుని ఫోన్ల మీద పడ్డాను.

"బాబాయ్, మీ తండావాళ్లు ఏ బోరు నీళ్లు తాగుతున్నారు?"

"ఏందమ్మా ఆ ప్రశ్న? ఊరి బోరే. సందేళ మా వంతు. అందరికీ తెలిసిందేగా!"

"జాబితాలో లేదు బాబాయ్."

ఎవరు ఏ బోరు చెబితే దాని నంబరు ఆ ఖాళీ గడిలో వేసుకుంటూ పోయాను. మీటింగు దగ్గరపడింది. సారు వచ్చి నా వెనక నిలబడ్డారు. "ఏందమ్మాయ్, అయిపోయిందన్నావుగా?"

"అయింది సార్. తప్పుగా అయింది. మళ్లా చేస్తన్నా." ఎందుకు తప్పయిందో గబగబా చెప్పాను. ఇక దాచడమెందుకని, "ఇందులో మా కాలనీ కూడా ఉంది సార్" అన్నాను.

ఆయన తెర మీద వరసలన్నీ కిందిదాకా జరుపుకుంటూ చూశారు. "ఇన్ని వదిలేశామా?" అన్నారు. గడియారం చూసుకుని, "ఇదే పంపు" అన్నారు.

కొన్నాళ్లకి మా కాలనీకి ట్యాంకరు వచ్చింది. బిందెల చప్పుడు, తోపులాట, కేకలు. పక్కింటి పెద్దమ్మ నన్ను చూడగానే అందరికీ వినపడేలా, "మన పిల్ల ఆ ఆఫీసులో ఉండబట్టి వచ్చినయ్యే ఈ నీళ్లు!" అంది.

"నేను ఉండబట్టి కాదు పెద్దమ్మా. మన నీళ్లు చెడ్డయి కాబట్టి. ఇయ్యి మనకి రావాల్సినయ్యే" అన్నాను. కోపంగానే అన్నాను.

"అట్టాగేలేవే" అని నవ్వి, నా బిందె లాక్కుని అందరికంటే ముందు పైపు కింద పెట్టింది. వద్దన్నా ఎవరూ వినలేదు. ఉక్రోషం పట్టలేక అక్కడే అరిచాను. "అసలు మనం ఆ బోర్ల జాబితాలోనే లేం, తెలుసా?"

బిందె నిండుతోంది. ఒక్కరు కూడా ఆశ్చర్యపోలేదు.