ఎవరూ లేవకూడని కచేరీ

కువైట్‌లోని హవల్లీలో మా పైఫ్లాటులో ఉండే డీజే పోయిన వారం కన్నుమూశారు. కాలేయం జబ్బు. కబురు ఆయన భార్యే మెట్ల మీద చెప్పారు.

అమలాపురం మనిషి. వారమంతా లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. శుక్రవారం కంప్యూటర్ మీద సంగీతం. వాన, కొబ్బరితోటల గాలి, కప్పల అరుపులు కలిపి అల్లే ఎలక్ట్రానిక్ సంగీతం. అందులో వాన మాత్రం ఇక్కడిదే. బాల్కనీలో ఏసీ నీళ్లు నూనె డబ్బా మీద పడే చప్పుడు రికార్డు చేసుకునేవారు. "కువైట్‌లో మనకి రాసిపెట్టిన వాన ఇదేనండి, ఆయ్," అనేవారు. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఆ చప్పుడు వింటూ మధ్యాహ్నం కునుకు తీసేది. ఆ మేలు మరిచిపోలేను.

కొన్నేళ్ల కిందట చలికాలంలో ఎడారిలో కళల ఉత్సవం పెట్టారు. పొద్దు వాలే వేళ ఆయన్ని వాయించమన్నారు. అనుమతికి ఒక షరతు ఉంది. జనం లేచి ఆడకూడదు. ఆడితే కార్యక్రమం ఆగిపోతుంది, కేసవుతుంది. ఆయన కఫీల్, అంటే వీసాకి పూచీ ఉన్న యజమాని, సరేనన్నాడు కానీ, "పోలీసులొస్తే నువ్వెవరో నాకు తెలీదు" అన్నాడట. ఇఖామా, అంటే నివాస అనుమతి, పోతే ఇల్లంతా సర్దుకుని దేశం వదలాలి. కూతురికి ఆ నెలలోనే పన్నెండో తరగతి పరీక్షలు.

అందుకని ఆయన జనం కాళ్లు చూస్తూ వాయించారు. మడమలు లేచినచోట డ్రమ్ము తగ్గించారు. "మొహం ఊపుని దాచేస్తుందండి, మడమ వల్ల కాదు" అన్నది ఆయన సూత్రం.

సగంలో ఆయన రికార్డు చేసిన వాన మొదలైంది. ఒక కువైటీ యజమానురాలితో, ఆమె పిల్లలిద్దరితో వచ్చిన పనిమనిషి "అబ్బ, వాన!" అంటూ లేచి నిలబడింది. పిల్లలు గెంతారు. ఆ వరుసంతా కదిలింది. నిర్వాహకుడు ఆపమని చెయ్యి ఊపాడు. ఈయన డ్రమ్ము తీసేసి వాన ఒక్కటే ఉంచారు. అందరూ కూర్చున్నారు, ఆవిడ తప్ప.

ఈయన మైకులో బతిమాలారు: "అక్కా, కూర్చోండమ్మా. మా పిల్లకి పరీక్షలండీ!"

"నేనేడ ఆడ్తాండా నాయనా, కాళ్లు తిమ్మిర్లెక్కినాయి!" అని ఆవిడ కడప యాసలో అరిచింది.

అక్కడున్న తెలుగువాళ్లం, నాతో సహా, నవ్వాం. ఆవిడ కూర్చుంది. కచేరీ చివరిదాకా సాగింది.

ఆవిడ పనిచేసే ఇంటి యజమానురాలు నవ్వలేదు. తన పనిమనిషిని అందరి ముందూ మైకులో పిలిచారన్నదొక్కటే ఆమెకు అర్థమైంది. కచేరీ అవగానే "యల్లా, పద" అంటూ ఆవిడ జబ్బ పట్టుకుని కారు దగ్గరికి నడిపించింది. ఈయన పరుగెత్తారు. "మామా, తప్పు నాది," అని ఆ అమ్మగారికి వచ్చీరాని అరబిక్‌లో చెబుతుండగానే కారు అద్దం పైకి లేచింది.

తర్వాత చాలా శుక్రవారాలు మనవాళ్లు ఎక్కువగా ఉండే అబ్బాసియాలో దర్జీలనీ, కిరాణా కొట్లవాళ్లనీ ఆవిడ గురించి అడిగారు. పేరు తెలీదు, ఊరు తెలీదు. ఎవరు మాత్రం ఏం చెబుతారు? కూతురు పరీక్షలు రాసి పాసయింది. ఆయన మళ్లీ వేదిక ఎక్కలేదు. "మా ఇఖామాలు నిలిచాయండి. ఆవిడదేమైందో," అనేవారు.

ఆసుపత్రిలో చివరిసారి కలిసినప్పుడు, అంతవరకూ చెప్పని సంగతి ఒకటి చెప్పారు. కారు మలుపు తిరుగుతున్నప్పుడు వెనక సీటులో పిల్లలిద్దరూ ఇంకా చప్పట్లు కొడుతున్నారట. మధ్యలో కూర్చున్న ఆవిడ, చూపు ముందు సీటులోని యజమానురాలి మీదే ఉంచి, వాళ్ల చేతులు తన ఒడిలోకి లాక్కుని అదిమి పట్టుకుందట.