ఎడమ కాలికి కేటాయించిన స్థలం

నా ఎడమ కాలు తప్పు చేసిందని కాగితం మీద రాసి, ముద్ర కొట్టి, నా చేతే సంతకం పెట్టించుకున్నారు. "క్లచ్ ప్లేటు కాలిపోవుటకు కారణము: డ్రైవరు ఎడమ పాదమును ఎల్లప్పుడు పెడల్‌పై ఉంచుట." అంతే, ఒక్క వాక్యం. ఆ వాక్యంతో నా దగ్గరున్న ట్రాక్టరు తాళంచెవి పోయింది. చదవకుండా సంతకం చేశాడనుకుంటారేమో. కాదు, చదివే చేశాను. ఇప్పటికీ నా కోపం దాని మీదే.

మాది పెద్దవంగర దగ్గర తండా. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, ఊళ్లో తెలుగు ఒకటి, కాగితాల్లో కనిపించే తెలుగు మూడోది. బడి గడప నేను తొక్కలేదు. ఊళ్లో పటేల్ ఇంట జీతానికి కుదిరినప్పుడు, వాళ్ల పెద్ద ట్రాక్టరుతో పాటు వచ్చిన పుస్తకంలో బొమ్మల కింది అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. అందరికీ అమ్మ, ఆవు ముందు వస్తాయి. నాకు ఇంజను, గేరు, హెచ్చరిక ముందు వచ్చాయి. ఆ తరువాత కిరాణం పొట్లాలు, కరపత్రాలు, చేతికి ఏది దొరికితే అది. మీసం మొలిచిన రోజుల్లో పట్టిన స్టీరింగు, తల నెరిసేదాకా వదలలేదు. అన్నేళ్లలో నా కాళ్ల గురించి ఎవరూ ఏమీ రాయలేదు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉన్న రోజుల్లో పటేల్ ఒక చిన్న ట్రాక్టరు తెచ్చాడు. పటేల్ అంటే ఇప్పుడు కొడుకు. వయసులో నాకంటే చిన్న, పిలుపులో పెద్ద. పత్తి సాళ్ల మధ్య తిరగడానికి పెద్ద బండి పట్టదు, చిన్నదైతే పని తేలిక అన్నాడు. పనికి తేలికే. పని చేసేవాడి సంగతి ఎవరూ అడగలేదు.

బండి వచ్చిన రోజు పటేల్ తల్లి టైర్లకు పసుపు రాసి, పెడళ్లకు కూడా కుంకుమ బొట్లు పెట్టింది. "బిడ్డా, ఇంటికి లక్ష్మి వచ్చింది. చెప్పులతోని ఎక్కకు" అంది. ఆమె చెప్పాల్సిన అవసరం లేదు. మా వైపు డ్రైవర్లెవరూ చెప్పులతో బండి ఎక్కరు. ఒడ్డు మీద విడిచి, మొక్కి, ఎక్కుతారు. కంపెనీ పుస్తకంలో బొమ్మలోని మనిషి మాత్రం బూట్లు వేసుకుని ఉంటాడు. ఆయనకు లక్ష్మి సంగతి తెలియదు.

పెద్ద బండి మీద కాళ్లు పెట్టే పలక అరుగులా ఉండేది. తొక్కనప్పుడు కాలు పక్కకు జరిపి చాపుకునేవాణ్ని. చిన్న బండి మీద దున్నపోతు మీద కూర్చున్నట్టే కూర్చోవాలి. గేరుబాక్సు తొడల మధ్య, కాళ్లు చెరో పక్క వేలాడుతూ. క్లచ్ పెడల్ పలక మీది నుంచి జానెడు మీద నాలుగు వేళ్ల ఎత్తు. మడమ ఆనదు. తొక్కాలంటే కాలును తుంటి దగ్గర నుంచి ఎత్తాలి. సీటు ముందుకు జరపబోతే జరగదు, బోల్టులతో బిగించి ఉంది. క్లచ్ పక్కన ఖాళీ లేదు, వెనుక ఖాళీ లేదు. తొక్కనప్పుడు ఆ కాలు ఎక్కడికి పోవాలి? పెడల్ మీదే ఉంటుంది. లేకపోతే గాలిలో ఉంటుంది.

పైగా అది నున్నటి ఇనుము. ఎండ ఎక్కితే పెనమే. వారం చూసి, పాత సైకిల్ ట్యూబు కోసి పెడల్‌కు చుట్టాను. మెత్తగా అయింది. మెత్తగా అయ్యాక కాలు అక్కడ ఇంకొంచెం ఎక్కువసేపు ఉండటం మొదలుపెట్టింది. ఈ మాట అప్పుడు నేను ఎవరికీ ఒప్పుకోలేదు. ఇప్పుడు రాస్తున్నాను, ఎందుకంటే ఉన్నదంతా రాయాలి.

అప్పుడే జనగామలో రాస్తారోకో అన్నారు. పటేల్‌కు ఊళ్లో కంటే మండలంలో పేరు కావాలి, మండలంలో కంటే పైన కావాలి. కొత్త బండికి జెండాలు కట్టించి, ట్రాలీలో మనుషులను ఎక్కించి, తాను ముందు నిలబడ్డాడు.

"పెద్ద బండి తీస్త పటేలా, ఆగుకుంట పోవుడు చిన్నదానికి కష్టం" అన్నాను.

"కొత్తది ఉండంగ పాతది ఎవడు చూస్తడు? నువ్వు నడుపు. రాష్ట్రం కోసం జర కాలు నొయ్యనియ్యి" అన్నాడు.

కొడకండ్ల మీదుగా జనగామ దాకా పోయాం, దారిలో ప్రతి ఊళ్లో ఊరేగింపుగా. ముందు డప్పులు, వాటి వెనుక బతుకమ్మలెత్తుకున్న ఆడవాళ్లు, వాళ్ల వెనుక నేను. పది అడుగులకోసారి ఆగి నినాదం ఇవ్వాలి, ఆగినప్పుడల్లా క్లచ్ తొక్కాలి. పొద్దున మొదలైన ఊరేగింపు, పొద్దు నడినెత్తికి వచ్చినా జనగామ కనపడలేదు. నేను కూడా జై కొట్టాను, అబద్ధం ఎందుకు. కానీ నోరు ఒకటి అంటుంటే ఎడమ మోకాలు ఇంకొకటి అంటోంది.

రోడ్డు మీద బండ్లన్నీ నిలిచిపోయాక నాయకులు మైకు పట్టుకున్నారు. డ్రైవర్లకు పని లేదు. నా పక్కన కొడకండ్ల మనిషి ఒకడు ఇంకో కంపెనీ చిన్న ట్రాక్టరు మీద ఉన్నాడు. "అన్నా, జర దిగు. నీ బండి మీద కూసొని చూస్త" అన్నాను.

"ఎందుకే, కొంటవా?"

"కొన. కాలు యాడ పెడుతున్నవో చూస్త."

అతని క్లచ్ పైనుంచి వేలాడుతోంది. మడమ పలకకు ఆనించి, ముందరి పాదంతో తొక్కితే చాలు. సీటు కింద మీట ఎత్తితే ముందుకు జరిగింది. "గిది రాజాలెక్క ఉన్నదే" అన్నాను.

"దుక్కి దున్నంగ చూడాలె నీ రాజాను. బురద అంటితె పాదం జారుడే. పెడల్ ఇంత, నా బొటనవేలంత" అని నవ్వాడు.

మా ముందు, రాస్తారోకోలో చిక్కుకున్న లారీ ఒకటి ఉంది. భూపాలపల్లికి సరికొత్త చిన్న ట్రాక్టరు మోసుకుపోతోంది, అది మూడో కంపెనీది. లారీ డ్రైవరు టైరు నీడన పడుకున్నాడు. అతన్ని లేపి, బతిమాలి, పైకి ఎక్కాను. క్లచ్ ఎత్తు జానెడుకు తక్కువే. పెడల్ మీద గీతల రబ్బరు. అన్నిటికంటే మించి, క్లచ్‌కు ఎడమ పక్కన అరచేతి వెడల్పు మెట్టు ఒకటి, ఊరికే కాలు పెట్టుకోవడానికి. పనికి కాదు, ఆనడానికి. నేను దాని మీద కాలు పెట్టి కాసేపు అట్లాగే కూర్చున్నాను.

లారీ డ్రైవరు కింది నుంచి అన్నాడు: "ఏందే కాకా, అందరు రోడ్డు మీద కూసొని తెలంగాణ అడుగుతున్నరు, నువ్వేమొ మీదికెక్కి కాలు పెట్టె జాగ అడుగుతున్నవ్."

"నేను రెండూ అడుగుతున్న. ఏది ముందు ఇస్తె అది తీసుకుంట."

ఎరువు బస్తా కుట్టు దారం జేబులో ఉంది. మూడు బండ్ల క్లచ్ ఎత్తూ మూడు దారాలతో కొలిచి, ముడులు వేసి దాచుకున్నాను. మా బండి దారం అన్నిటికంటే పొడుగు.

తిరుగు ప్రయాణంలో కొడకండ్ల దాటాక బండి కదలనంది. ఇంజను తిరుగుతోంది, చక్రం తిరగదు. కాలిన వాసన. ప్లేటు పోయింది.

మరునాడు పెద్ద బండికి కట్టి మానుకోట షోరూముకు లాక్కుపోయాం. మహబూబాబాద్‌ను మేము అట్లాగే అంటాం. దారిలో పటేల్ ఒకటే చెప్పాడు. "ర్యాలీ ముచ్చట తియ్యకు. వారంటీ ఇయ్యరు. పత్తిల నడిచిందని చెప్పు." నేను తియ్యలేదు. ఆయన ఉప్పు తిన్నవాణ్ని, ఆయన మాట దాచాను. దాచిన మాట బరువంతా నా కాలి మీద పడుతుందని తోచలేదు.

షోరూములో సర్వీసు సారు కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. ట్యూబు చుట్టిన పెడల్ చూసి నవ్వి, కత్తితో కోసి పక్కన పెట్టాడు.

"కాలు ఎప్పుడూ దీని మీదే ఎందుకు పెట్టారండీ?"

"ఇంక యాడ పెట్టాలె సార్?"

"దానికి కేటాయించిన స్థలంలో పెట్టాలి."

"గది యాడుందో జర చూపియ్యుండ్రి. నేను గిన్ని దినాలు దేవులాడిన, దొరకలె."

ఆయన నా యాసకు ముందు నవ్వాడు, తరువాత బండి చుట్టూ తిరిగాడు. నిజంగానే వంగి చూశాడు. ఏమీ కనపడక లేచి, "పుస్తకంలో ఉంటుంది" అన్నాడు. పుస్తకం తెరిచాం. బూట్ల మనిషి సీటు మీద దర్జాగా ఉన్నాడు. బొమ్మ కుడి పక్క నుంచి తీశారు. ఆయన ఎడమ కాలు ఇంజను వెనుక దాక్కుంది.

అయినా కాగితం రాశారు. పటేల్ తలుపు దగ్గరి కొత్త బండ్లు చూస్తూ నిలబడ్డాడు. నేను సంతకం పెట్టాను, ఎందుకంటే కాలు పెడల్ మీద ఉన్న మాట నిజం. కాలు ఇంకెక్కడ పెట్టాలన్న రెండో ప్రశ్నకు ఆ కాగితంలో గడి లేదు.

ఊరికి వచ్చాక పటేల్ చెయ్యి చాపాడు. తాళంచెవి ఇచ్చాను.

"కంపెనోళ్లే నీ తప్పని రాసినంక నేనేం చెయ్యాలె? నీ తప్పు కాదని వాళ్లతోనే రాపియ్యి. అదే దినం తాళంచెవి నీ చేతుల పెడుత" అన్నాడు. తేలిక మాటగా అన్నాడు. నేను తేలికగా తీసుకోలేదు.

ఆ కంపెనీ ఫిర్యాదులు చూసే ఆఫీసు బెజవాడలో ఉందట. మా నీళ్లు, మా కొలువులు అటు పోయాయని మైకుల్లో వింటూనే ఉన్నాను. నా ఎడమ కాలు కూడా అక్కడే ఉందని అప్పుడు తెలిసింది. ఉత్తరం రాశాను. "అయ్యా, తొక్కనప్పుడు ఎడమ కాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలుపగలరు. స్థలం లేనప్పుడు తప్పు కాలిదని రాసిన మాట కొట్టివేయగలరు." జవాబు లేదు. రెండోసారి దారాలు మూడూ కవరులో పెట్టి పంపాను, ఏది ఏ బండిదో చీటీ కట్టి. జవాబు లేదు. మూడోసారి పాత క్యాలెండర్ వెనుక నా ఎడమ పాదం పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి పంపాను. నా భార్య చూసి, "కాలు గీసి పంపినవ్, ఇంక కాలే కోసి పంపుతవా?" అంది. అవసరమైతే ఆలోచిస్తానన్నాను.

బండి లేదు కాబట్టి కూలికి పోయాను. మోకాలు వంగనంది. జనగామ దవాఖానలో డాక్టరు, "మెట్లు ఎక్కువ ఎక్కుతవా?" అని అడిగాడు. "మా తండాల మెట్లు యాడియి సార్. క్లచ్ ఎక్కిన" అన్నాను. ఆయన అది రాసుకోలేదు. రాసుకునే గడి ఆయన కాగితంలోనూ లేదు.

నా తరువాత చిన్న బండి ఎక్కింది పటేల్ మేనల్లుడే. పెళ్లయి పిల్లలున్నవాడు, పట్నంలో కొలువు దొరకక వచ్చాడు. బూట్లు వేసుకుని ఎక్కేవాడు. ముసలమ్మ కోప్పడితే, "అమ్మమ్మా, పుస్తకంల గట్లనే ఉన్నది" అన్నాడట. ఒక పత్తి కాలం గడిచింది. ఒక పొద్దున కుంటుకుంటూ మా తండాకు వచ్చి, నులక మంచం మీద కూలబడ్డాడు.

"కాకా, ఒక్క మాట అడుగుత, నవ్వొద్దు."

"అడుగు."

"తొక్కనప్పుడు నువ్వు ఎడమ కాలు యాడ పెట్టేటోనివి?"

నేను నవ్వలేదు. లోపలికి పోయి మిగిలిన సైకిల్ ట్యూబు ముక్క తెచ్చి ఇచ్చాను. "గిది చుట్టుకో. ప్లేటు పోయినంక సంతకం మాత్రం పెట్టకు" అన్నాను. అతని క్లచ్ ప్లేటు కూడా పోయింది. అప్పుడు మాత్రం కాగితం మీద "సహజమైన అరుగుదల" అని వచ్చింది. ఇంటివాడి కాలు సహజంగా అరగదీస్తుంది, జీతగాడి కాలు తప్పుగా అరగదీస్తుంది. ఆ తేడా ఏమిటో చెప్పమని, మేనల్లుడు ఇచ్చిన ఆ కాగితం నకలు కూడా బెజవాడకు పంపాను.

పటేల్‌ను దారిలో ఆపి అడిగాను. "ఇప్పుడు తెల్సింది కద పటేలా, తప్పు కాలుది కాదని."

"నాకు ఎన్నడో తెల్సు. కాయిదం రానియ్యి" అన్నాడు.

అప్పుడు నాకు సగం తృప్తి, సగం మంట. అందుకే ఉత్తరాలు మానలేదు.

తరువాత రాష్ట్రం వచ్చింది. మా తండాలో కూడా మిఠాయి పంచారు, నేనూ తిన్నాను. పటేల్‌కు మెడ నిండా దండలు, ఆయన నిలబడ్డ ట్రాలీ ఈసారి పెద్ద బండిది. ఆ వానాకాలం నాట్ల పని మధ్య, పోస్టు మనిషి సైకిల్ దిగి, "నీకే, కంపెనీ కవరు" అన్నాడు. కాళ్ల బురద కడుక్కుని, గట్టు మీద కూర్చుని విప్పాను. ఇన్నేళ్లకు వచ్చిన జవాబు. ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ రాస్తున్నాను:

"ఆర్యా, తాము పలుమార్లు పంపిన లేఖలు, దారములు మూడు, పాదము యొక్క చిత్రము ఒకటి మాకు చేరినవి. రాష్ట్ర విభజన జరిగినందున తమ ప్రాంతపు ఫిర్యాదులు ఇకపై ఈ కార్యాలయ పరిధిలోనికి రావు. తమ ఎడమ పాదమునకు సంబంధించిన దస్త్రమును తమ రాష్ట్రములో కొత్తగా ఏర్పాటు చేయబోవు కార్యాలయమునకు పంపుచున్నాము. సదరు కార్యాలయమునకు ఇంకను స్థలము కేటాయించబడలేదు. అంతవరకు తాము ఓపిక పట్టగలరు."