గోడ దాటిన కొంగపిల్ల

ట్రైనింగు పాసై సర్టిఫికెట్టు చేతికొచ్చిన కొత్తలో మనిషికి తెలియని విషయమంటూ లోకంలో ఉండదు. ఆ జబ్బు నాకు కాస్త గట్టిగానే పట్టింది. అవి యాభైల చివరి సంవత్సరాలు. నాకు పందొమ్మిదేళ్లు. నరసరావుపేటలో పుట్టి పెరిగినదాన్ని, పల్లె అంటే బస్సు కిటికీలోంచి చూడ్డమే తప్ప దిగి ఎరగను. అలాంటిదాన్ని బెల్లంకొండ అవతల ఓ ఊళ్లో మిషను బడికి టీచరుగా వేశారు. (ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడివాళ్లు ఇప్పటికీ నన్ను కూర్చోబెట్టి మళ్లీ మొదటినుంచీ నవ్వుతారు.) మా నాన్న నా ట్రంకుపెట్టె మోసుకొచ్చి బడి వరండాలో దించి, తలెత్తి చూసి, "ఇదేందమ్మా, చెట్టుకి పూలా, పిట్టలా?" అన్నాడు. సమాధానంగా ఆయన భుజం మీద తెల్లగా ఒకటి పడింది.

పిట్టలే. ఎర్రకాళ్ల కొంగలు. బడి ఆవరణలో ఓ మూలనున్న చింతచెట్టు మీద, ఆ పక్క సందులో ఉన్న మరో మూడు చింతల మీద, చలి తగ్గే రోజులకి ఎక్కణ్ణించో వందలుగా వచ్చి గూళ్లు కట్టేవి. ఊళ్లోవాళ్లు వాటిని పిట్టలనే వాళ్లు కాదు, "పిల్లలొచ్చారు" అనేవాళ్లు. పుట్టింటికి పురుడు పోసుకోవడానికి వచ్చిన ఆడపిల్లలని వాళ్ల లెక్క. అందుకని అవి ఉన్నన్నాళ్లూ ఆ చెట్ల కింద టపాకాయ పేలకూడదు, కొమ్మ మీద కత్తి పడకూడదు. పెళ్లి ఊరేగింపు మా సందు మొదట్లోకి రాగానే మేళం చప్పున ఆగిపోయేది. పెళ్లికొడుకు పాపం చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ లేకుండా తలొంచుకుని నడిచి, సందు దాటాక మళ్లీ పెళ్లికొడుకయ్యేవాడు. హిందువులైనా కిరస్తానీలైనా ఈ ఒక్క విషయంలో ఊరంతా ఒక్క మాట మీద ఉండేది.

ఆ మాట చలాయించేది మా బడి వెనకింటి ముసలామె. అందరూ కొంగల పెద్దమ్మ అనేవాళ్లు. చెట్ల కింద కాపలాకి ఇంటికో వంతు వేసేది ఆమే, వంతు తప్పినవాళ్లని నడివీధిలో నిలబెట్టి కడిగేసేది ఆమే. నేను వెళ్లిన మొదటి వారంలోనే నాకో కట్టుబాటు కూడా చెప్పింది. "గూట్లోంచి పిల్ల కింద పడితే, ఎవరి వాకిట్లో పడితే వాళ్లే ఎగిరిందాకా సాకాల. బళ్లో పడితే నీదే టీచరమ్మా, ముందే చెప్తున్నా." నేను చదువుకున్నదాన్ని కదా, చిరునవ్వు నవ్వి ఊరుకున్నాను. పిల్ల పడ్డ ఇంట్లో ఏడాది తిరక్కుండా ఊయల కడతారని కూడా చెప్పింది. దానికి ఇంకా పెద్ద చిరునవ్వు నవ్వాను.

మార్చి నెలలో ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారని కబురొచ్చింది. ఆయన బాగుందని రాస్తేనే నా ఉద్యోగం ఖాయం. వారం రోజులు కూర్చోకుండా బడికి సున్నం వేయించాను, అటకెక్కిన మ్యాపులు దించి దులిపాను, పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించాను. సరిగ్గా ఐదు రోజులుందనగా, పొద్దున్నే బడి తలుపు తియ్యబోతే చింత కింద నేలమీద కూర్చుని ఉందది. కోడిపెట్ట కన్నా పెద్దది, ఒంటినిండా మాసిన దూది, ముఖంలో సగం ముక్కే. నన్ను చూసి నోరు తెరిచి గీ పెట్టింది. దానికి రోజుకి నాలుగైదుసార్లు చేపలు పెట్టాలి. మా ఇంట్లో చేపల కూర వండిన రోజున నేను పొరుగింట్లో అన్నం తినేదాన్ని. ఇన్‌స్పెక్టరుగారు వచ్చేసరికి బడి అంతా చేపల వాసన కొడుతుంటుందన్న ఆలోచనకే నాకు కళ్లు తిరిగాయి.

అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. దాన్ని తువ్వాలులో చుట్టి పట్టుకున్నాను. (కొంగపిల్లకి భయం వేస్తే పొట్టలో ఉన్నదంతా కక్కుతుందని ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. గంజిపెట్టిన తెల్లచీర మీద అదే చెప్పింది.) ఆవరణ అవతలి వైపు మట్టిగోడ దగ్గరికి పరుగెత్తి, వంగి, చేతులు మాత్రం పైకి చాచి, పక్కింటి వాకిట్లో ఉన్న గడ్డిమోపు మీదికి మెల్లగా దించేశాను. చీర మార్చుకొచ్చి, ఏమీ ఎరగనట్టు గంట కొట్టాను.

గంట చప్పుడు ఆగీ ఆగకముందే ఆ ఇంట్లోంచి కేక వినపడింది. "అత్తా! ఓ అత్తా! మనింట్లో పడింది! మనింట్లోనే!"

ఆ కేక ఆ ఇంటి కోడలిది. మొగుడు పిడుగురాళ్ల సున్నపుబట్టీలో పని. పెళ్లై ఆరేళ్లైంది, పిల్లల్లేరు. మాచర్ల చెన్నకేశవుడికి మొక్కింది, మా చర్చిలో కొవ్వొత్తులు వెలిగించింది, దర్గాలో తాయెత్తు కట్టించుకుంది. మనిషి నవ్వగా నేను చూడలేదు. ఇప్పుడా మనిషి కొంగపిల్లని ఒళ్లో పెట్టుకుని, అది కక్కుతున్నా పట్టించుకోకుండా, నవ్వుతూ ఏడుస్తోంది. అత్త దానికి దిష్టి తీస్తోంది. సందులోని ఆడవాళ్లంతా వచ్చి చేరారు. నన్నూ పిలిచి నోట్లో బెల్లం ముక్క పెట్టారు. ఆ కోడలి ముఖం చూసేకొద్దీ నేను చేసింది దొంగతనం కన్నా పెద్దదేదో అనిపించింది. నిజం చెబితే ఆ నవ్వు అక్కడే చచ్చిపోతుంది. చెప్పకపోతే లేని ఊయల చూపించి మోసం చేసినట్టు. కొంగల పెద్దమ్మ మాత్రం వాకిట్లో నిలబడి ఒక్కసారి తలెత్తి ఆకాశంలోకి చూసి వెళ్లిపోయింది.

మధ్యాన్నం పిల్లలు అన్నాలకి వెళ్లాక పెద్దమ్మ బళ్లోకి వచ్చింది.

"టీచరమ్మా, ఆ ఇంటి మీద కొమ్మేదే?"

కిటికీలోంచి అటు చూశాను. నిజమే. చెట్టు ఒక మూల, ఆ ఇల్లు ఇంకో మూల. వాకిటి మీద ఉన్నదల్లా ఎండ.

"చానా చదువుకున్నావు గదా, కొమ్మ లేని చోట పిల్ల ఎట్టా పడిందో చెప్పు. మబ్బుల్లోంచి పడిందా?"

"తప్పైపోయింది పెద్దమ్మా. ఇప్పుడే వెళ్లి చెప్పేస్తాను, తెచ్చుకుని నేనే..."

"నోరు ముయ్యి. ఆరేళ్లకి ఇయాళ నవ్వింది ఆ కోడలుపిల్ల. ఇంకొకళ్లతో ఈ మాటన్నావంటే నాలిక్కోస్తా. అది సాకుద్ది. చేపలు మాత్రం నువ్వే తెచ్చి ఇయ్యాల, తెల్లారకముందే లేచి. తెలిసిందా?"

అదీ నాకు పడిన శిక్ష. మర్నాటి నుంచి పొద్దున్నే ఇత్తడి చెంబు పట్టుకుని చెరువుకి పోవడం, అక్కడ వలేసే ఓ మామ ఇచ్చిన పరిగె చేపలు ఆ చెంబులో పోసుకుని, ముక్కు కొంగుతో మూసుకుని రావడం. "టీచరమ్మ ఎంత మంచిది! పక్కింటి కొంగకి చేపలు మోస్తోంది" అని దారిలో ఆడవాళ్లు మెచ్చుకునేవాళ్లు. నేను రహస్యం గుండెల్లో దాచుకున్న త్యాగమూర్తిలా తల వంచుకుని నడిచేదాన్ని. వాళ్లు కొంగులు ఎందుకు అడ్డం పెట్టుకుంటున్నారో నాకు తోచలేదు. ఆ ఊళ్లో ఏ కొమ్మ ఏ వాకిలి మీద ఉందో పాలు తాగే పసివాళ్లకి కూడా తెలుసని నాకు తట్టలేదు.

ఇన్‌స్పెక్టరుగారు చెప్పిన వేళకంటే గంట ముందే దిగారు. పిల్లలు ఆ రోజు పెందలాడే వచ్చి కూర్చున్నారు, నేనే చేపలు ఆలస్యమై చెంబుతో సహా బడి గుమ్మంలో ఎదురుపడ్డాను. "అదేమిటమ్మా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపలే నలభైమంది పిల్లలు లేచి, "చేపలండీ!" అన్నారు. ఆయన ముఖం చిట్లించి, పిల్లల్ని పక్షుల గురించి అడిగారు. అంతే. గూడు కట్టడానికి పుల్ల ఏ చెట్టుది తెస్తుందో, గుడ్డు ఎన్నాళ్లకి పగులుతుందో, ఎండ వేళ తల్లి రెక్క విప్పి పిల్లకి ఎలా నీడ ఇస్తుందో పోటీలుపడి చెప్పారు. అందులో ఒక్క ముక్క నేను చెప్పింది కాదు. ఆయన రిజిస్టరులో "ఉపాధ్యాయిని ప్రకృతి పాఠమును ప్రత్యక్షముగా బోధించుచున్నారు" అని రాసి సంతకం పెట్టారు. ఆ వాక్యం చదివి నేను సిగ్గుపడాల్సింది. పడలేదు, రెండుసార్లు చదువుకున్నాను.

వేసవి సెలవులకి ముందు కొంగపిల్ల గోడ మీదికి, గోడ మీంచి బడి కప్పు మీదికి ఎగరడం మొదలుపెట్టింది. ఓ పొద్దున చెరువు వైపు పోయే గుంపుతో కలిసిపోయింది. కోడలు వాకిట్లో నిలబడి చాలాసేపు చూసింది. నేను వట్టి చెంబుతో పక్కన నిలబడ్డాను. ఇంక మొయ్యలేక, ఏమైతే అయిందని, "నీకో సంగతి చెప్పాలి" అన్నాను.

"చెప్పమాక టీచరమ్మా" అంది కంగారుగా. "ఆ రోజు నేను వాకిలూడుస్తా చూశా. గోడ మీంచి రెండు చేతులొచ్చినయ్, ఒక చేతికి గడియారముంది. ఊళ్లో గడియారం కట్టుకున్న ఆడమనిషివి నువ్వొక్కదానివే గదా. ఎక్కడ మనసు మారి వచ్చి అడుగుతావో, మళ్లా ఇచ్చెయ్యాల్సొస్తదేమోనని ఇన్నాళ్లూ నిన్ను చూస్తేనే భయమేసేది నాకు. అందుకే గదా గంట కొట్టంగానే అంత గట్టిగా అరిచి ఊరంతటినీ పిలిచింది!"

నేనున్న నాలుగేళ్లలో ఆ ఇంట్లో ఊయల కట్టలేదు. కానీ మరుసటేడు నుంచి ఏ వాకిట్లో పిల్ల పడ్డా ఆమెకే తెచ్చి ఇవ్వడం ఊరి కట్టుబాటైంది. ఒకేడు ఒకేసారి ఐదింటిని సాకింది, చేతులు ఖాళీ లేవని విసుక్కుంటూ, నవ్వుతూ. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో తెల్లారకముందే మెలకువ వచ్చినప్పుడు, చెంబు పట్టుకుని చెరువుగట్టు మీద గంభీరంగా నడిచిపోయే ఆ పందొమ్మిదేళ్ల పిల్ల గుర్తొస్తుంది. పక్కింటామెని కాపాడుతున్నాననుకునేది, పిచ్చిది. నన్ను చూసి ఆమె ఎంత భయపడిందో తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నవ్వూ వస్తుంది, కళ్లూ చెమరుస్తాయి.