ప్రార్థన నూనె అనుకున్న లావెండర్

మొన్న ఆదివారం బ్లాక్‌టౌన్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్తే, మనవరాలు హోమ్‌వర్క్ చేసుకునే బల్ల మీద చిన్న కుండలాంటి కరెంటు యంత్రం ఒకటి బుస్సుమంటూ ఆవిరి వదులుతూ కనిపించింది. గదంతా లావెండర్ వాసన. పిల్లకు ధ్యాస నిలవడానికట. నా మొహం దానంతట అదే ముడుచుకుపోయింది. ఆ వాసనతో నాకున్న తగాదా ఈనాటిది కాదు మరి.

తొంభైల మొదట్లో, కాకినాడ నుంచి ఈ దేశానికి వచ్చి మేము ఇక్కడ కొత్తగా కాపురం పెట్టిన రోజులవి. నేను ఆసుపత్రిలో నర్సును. సీసా మీద ఏం రాసుందో రెండుసార్లు చదవందే మూత తీయని మనిషిని. మా అమ్మాయి అప్పుడు మూడో తరగతి. ఒక కాలికి మేజోడు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని, కిటికీలోంచి చూస్తూ ఉండిపోయేది. ఈలోగా బస్సు వెళ్లిపోయేది. కసిరితే "ఐ వాజ్ లిజనింగ్, మమ్" అనేది. చివరికి టీచరమ్మ నన్ను పిలిపించి, ఏడాది ముగిసేలోగా పాఠం మీద ధ్యాస కుదరకపోతే అదే తరగతిలో ఉంచేస్తామంది. ఆ మాట కన్నా, అది మనవాళ్ల చెవిన పడుతుందేమోనన్న భయం నన్ను ఎక్కువ తినేసింది. పిల్లకు బుర్ర సరిగా లేదన్న మాట ఒకసారి పుట్టిందంటే ఎంత దూరం పోతుందో నా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

పెండిల్ హిల్‌లో మా ప్రార్థన కూటానికి ఒక పెద్దావిడ వచ్చేది. మేమంతా ఆంటీ అనేవాళ్లం. ఆవిడ ఎలా పసిగట్టిందో ఏమో, ఒక శనివారం రెండు చిన్న గోధుమరంగు సీసాలు నా సంచిలో పెట్టింది. పొద్దున రోజ్‌మేరీ, సాయంత్రం లావెండర్, రుమాలు మీద ఒక్క చుక్క వేసి పిల్ల దగ్గర ఉంచమంది. వాళ్ల వీధిలో తెల్లావిడ ఎవరో ఇలా నూనెల వాసనతో వైద్యం చేస్తుందట. ఊరికే ఎవరైనా ఇస్తారా, ఈవిడకేం లాభం, అసలు ఈవిడకు చెప్పిందెవరు, మా ఆయన గాని నోరు జారారా అని ఆ వారమంతా నాలో నేనే ఆరా తీశాను. సీసా మీద మోతాదు కూడా లేదు. తీసుకెళ్లి అలమార పైఅరలో దాచేశాను.

ఆ ఏడు మమ్మల్ని చూడటానికి వచ్చిన మా అత్తగారు, సీసాలు కూటం నుంచి వచ్చాయని విని, ప్రార్థన చేసి ఇచ్చిన నూనె అనుకున్నారు. మా సంఘాల్లో ఒంట్లో బాగాలేనివాళ్ల నుదుట నూనె రాసి ప్రార్థించడం మామూలే. నేను పొద్దుటి డ్యూటీకి వెళ్లగానే లావెండర్ సీసా దించి, కొబ్బరినూనెలో కలిపి, పిల్ల నుదుట సిలువ గుర్తు వేసి, పక్కనే కూర్చుని ప్రార్థన ముగించి, దగ్గరుండి బడికి పంపేవారట. తలగడ మీది వాసన పట్టి నేను కనిపెట్టాను. పోట్లాడదామంటే పెద్దావిడ, పైగా పిల్ల రెండు మేజోళ్లూ వేసుకుని బస్సు అందుకుంటోంది. అది నూనె గుణమో, అంతసేపు పక్కన కూర్చునే మనిషి గుణమో, టీచరమ్మ పిల్లను కిటికీ పక్కనుంచి తీసి ముందు వరసలో కూర్చోబెట్టడం వల్లనో నాకు ఈనాటికీ తేలలేదు. నూనెను మాత్రం నేను నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను.

ఇక్కడ బడి ఏడాది ముగిసేది డిసెంబరులో, అప్పుడు పై తరగతికి పంపుతున్నామని బడివాళ్లు చెప్పారు. ఆ శనివారం కూటంలో దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, ఆంటీ లేచి తన నూనె గొప్ప చెప్పుకుంటుందేమోనని ఆవిడనే చూస్తున్నాను. లేచింది ఆంటీ కాదు, నా పక్కనున్న మా అత్తగారు.

"దేవుడికి స్తోత్రం. మా మనవరాలికి బుర్ర నిలిచేది కాదండి. తరగతిలో ఆపేస్తామన్నారండి. ఈ సంఘం ఇచ్చిన నూనె రాశాం, ఇప్పుడు బాగా చదువుకుంటుందండి" అని అందరిముందూ చెప్పేశారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆంటీ అయినా, అది ప్రార్థన చేసిన నూనె కాదని ఒక్క మాట అనలేదు. తల వంచుకుని కూర్చుంది.

కూటం అయ్యాక వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే ఒకావిడ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. ఇక మొదలైంది అనుకున్నాను. "అక్కా, ఆ ఆయిల్ ఎక్కడ దొరుకుద్ది? మా వాడికి కాదులే, తెలిసినవాళ్ల పిల్లాడికి" అంది గొంతు తగ్గించి. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ఇంకొకావిడ అడిగింది. ఆవిడకూ తెలిసినవాళ్ల పిల్లే. కారు దాకా మా వెంట వచ్చి మరొకావిడ అడిగింది. వీళ్ల పిల్లలను చూసే నేను, నా కూతురు తప్ప అందరూ బుద్ధిమంతులేనని ఇన్నాళ్లూ కుమిలిపోయింది.

ఇప్పుడు మా అమ్మాయి తన కూతురి సంగతి కూరగాయల కొట్లో కనిపించినవాళ్లకు కూడా గొంతు తగ్గించకుండా చెబుతుంది. పిల్ల ధ్యాస నిలవకపోవడానికి డాక్టరు చెప్పిన పేరు, వేస్తున్న మాత్ర, అన్నీ. నేను మాత్రం ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూస్తాను. ఆ రోజుల్లో మేమంతా ఒకరి కూర ఒకరం తినేంత దగ్గరగా బతికాం. అయినా మా పిల్లలు ప్రతి శనివారం ఒకే చాప మీద పక్కపక్కన కూర్చుని కూడా, లోకంలో ఇలా ఉన్నది తామొక్కరమేననుకుంటూ పెరిగారు.