నాలుగడుగుల గోడ

మావయ్యకు గోడలంటే మహా పట్టింపు, అవి ఇంకా కట్టకపోయినా సరే. ఏ భవనానికి ప్లాను గీసినా, స్థలం మీద దాన్ని సుద్దముక్కతో అసలు కొలతల్లో మళ్లీ గీసి, జనాన్ని అందులో తిప్పితే గాని ఆయనకు నమ్మకం కుదిరేది కాదు. ఎవరైనా ఆ గీత తొక్కారో, ఇక అంతే.

"ఏమయ్యా, తలుపు అక్కడుంటే గోడలోంచి వస్తావేం?" అనేవాడు. పోస్టుమాన్ అంతటివాడు వెనక్కి వెళ్లి, లేని తలుపు తోసుకుని వచ్చి ఉత్తరం ఇచ్చేవాడు. అత్తయ్య ఒక్కతే కాఫీ గ్లాసుతో గీతలన్నీ తొక్కుకుంటూ వచ్చి, "మూడు గోడలు కూలగొట్టాను, చల్లారకముందే తాగండి" అనేది.

ఆ ఉదయం మాత్రం, ఆయన దగ్గర ప్లాన్లు గీసే మేనకోడలికి నవ్వు రాలేదు. వందేళ్ల నాటి ఆస్పత్రి వెనక బట్టలుతికే భవనం కట్టాలి; ఆ స్థలం నిండా అప్పటికే సుద్దగీతలు. పదకొండు గంటలకు సూపరింటెండెంటు వచ్చి ప్లాను చూస్తాడు. ఇప్పటికే రెండుసార్లు తిప్పి పంపారు. ఈసారీ కుదరకపోతే పని ఇంకొకరికి పోతుంది. మావయ్య చేతిలో మిగిలింది ఆ ఒక్క పనే.

పదిన్నరకు ఆమె కాగితం మరోసారి చూసుకుంది. బాయిలరు పక్క గోడ మందం నాలుగడుగులు.

మావయ్య చూపు మందగించిన సంగతి బయటపడకుండా ఆమె నెల్లాళ్లుగా ఆయన అంకెలన్నీ చాటుగా దిద్దుతోంది. ఇదెలా తప్పించుకుంది?

"మావయ్యా, తొమ్మిదంగుళాల గోడ నాలుగడుగులైంది. చెరిపేస్తాను."

"ముట్టుకోకు. అది గోడే."

"కోటకైనా ఇంత గోడ ఉండదు."

"నీ వెనక సుద్దముక్క ఉంది, ఇలా ఇవ్వు."

సూపరింటెండెంటు రానే వచ్చాడు. వస్తూనే గీత దాటబోయాడు.

"తలుపు ఇటు, సార్."

మేనకోడలు కళ్లు మూసుకుంది. తెరిచేసరికి సూపరింటెండెంటు, గీతల చుట్టూ తిరిగి తలుపులోంచి లోపలికి వచ్చి, బాయిలరు దగ్గర అడుగులు వేసి కొలుస్తున్నాడు.

"ఏమిటిది?"

"గోడ, సార్."

"ఇంత లావు గోడా? ఎందుకు?"

మావయ్య నోరు విప్పేలోగా, ముప్పయ్యేళ్లుగా ఆ ఆస్పత్రి దుప్పట్లు ఉతుకుతున్న, అందరూ పెద్దమ్మ అని పిలిచే ముసలావిడ తడి దుప్పట్ల గంప దించింది. బకెట్టు బోర్లించుకుని సరిగ్గా గోడ మధ్యన కూర్చుని, మోకాళ్లు రాసుకోసాగింది.

ఇప్పుడు అరుస్తాడనుకుంది మేనకోడలు. మావయ్య అరవలేదు. చేతిలోని సుద్దముక్కను ఎన్నడూ చూడనట్టు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"ఆవిడ గోడలో కూర్చుంది. ఏమీ అనరేం?" అన్నాడు సూపరింటెండెంటు.

"ఆవిడ చోటే అది, సార్. బాయిలరు వెచ్చదనానికి మోకాళ్లు కాస్త సుఖంగా ఉంటాయి. విశ్రాంతి గది అని రాస్తే మీ కమిటీ రెండుసార్లూ కొట్టేసింది. గోడనైతే ఎవరూ కొట్టెయ్యరు కదా అని."

సూపరింటెండెంటు ఎర్రసిరా కలం మూత తీశాడు. ఆయన నాలుగు అంకె కొట్టేశాడు. కాసేపు ఆగి, పక్కన అయిదు వేశాడు.

"నాలుగడుగుల్లో కాళ్లు చాపుకోవడం కష్టం" అంటూ సంతకం పెట్టి, గోడలోంచి నడిచి వెళ్లబోయాడు.

"సార్, తలుపు."

మావయ్య పోయిన కొన్నాళ్లకు మేనకోడలు ఆ భవనం చూద్దామని వెళ్లి, కిటికీలోంచి తొంగి చూసింది.

"తలుపులోంచి రామ్మా," అంది పెద్దమ్మ, గోడలో కాస్త పక్కకు జరుగుతూ. "మీ మావయ్య చూస్తే ఊరుకోడు."