గోడౌన్ మలుపు

మా మామయ్య మనుషుల్ని అద్దంలో చూస్తేనే గుర్తుపడతాడు. ఎదురుగా వస్తే తడబడతాడు. ముప్ఫై ఏళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్నాడు. ఆయన నెత్తి మీద వేలాడే పొడుగాటి అద్దంలోనే ఊరంతా ఎక్కుతుంది, దిగుతుంది. ఓసారి కూరగాయల కొట్టు దగ్గర ఒకావిడ నవ్వుతూ పలకరిస్తే తెల్లమొహం వేశాడు. ఆవిడ వెళ్ళబోతుంటే కొట్టువాడి గోడ మీది అద్దంలో మొహం కనిపించింది. అప్పుడు "ఓ, మూడో సీటు ఆవిడా" అన్నాడు. అత్తయ్య ఈ సంగతి చుట్టాలందరికీ చెప్పి, "నన్ను కూడా అద్దంలో చూసే చేసుకున్నాడు, అందుకే ఇప్పటికీ ఎదురుగా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడడు" అంటుంది.

మనిషి మెత్తన. నోట్లో వేలు పెట్టినా కొరకడు. పరిగెత్తుకొచ్చే వాళ్ళ కోసం బస్సు ఆపుతాడు, ఆపినందుకు లోపలివాళ్ళ చేత తిట్లు తింటాడు. డిపోలో ఆయన్ని మంచివాడంటారు. మంచివాడికీ భయస్తుడికీ తేడా ఉందని నేను ఆయన్ని చూశాకే తెలుసుకున్నాను.

ఆ బస్సులో రోజూ ఎక్కేవాడొకడు ఉండేవాడు. అందరూ రేడియో అని పిలిచేవాళ్ళు. నలభై దాటిన మనిషి, చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డసంచి. అట్టపెట్టెలు మడిచే షెడ్డులో పని. వాళ్ళక్క టైలరింగ్ షాపులో కాజాలు కుట్టేది. పొద్దున్నే తమ్ముణ్ణి స్టాపు దాకా తెచ్చి, బస్సెక్కించి, అటునుంచి అటే పనికి పోయేది. ఎక్కింది మొదలు దిగేదాకా అతని నోరు ఆగేది కాదు. ట్యాంకులో నీళ్ళు అయిపోతున్నాయనేవాడు, వంతెన పగుళ్ళిచ్చిందనేవాడు, ఫలానా కిటికీలోంచి ఎవరో తనని లెక్కపెడుతున్నారనేవాడు. మాత్రలు వేసుకున్న రోజు వార్తలు, వేసుకోని రోజు తుపాను హెచ్చరికలు అని వెనక సీట్లవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

జబ్బు పేరేమిటో మామయ్యకు తెలీదు. జనం కిక్కిరిస్తే అతనికి ఊపిరాడదని మాత్రం తెలుసు. అలాంటప్పుడు రేడియో ముందు తలుపు దగ్గరికొచ్చి, "డ్రైవరూ, దిగుతా" అనేవాడు. గోడౌన్ పక్కన రోడ్డు మెలిక తిరుగుతుంది. అక్కడ ఎలాగూ నెమ్మదించాలి. మామయ్య అక్కడ ఆపి, తలుపు మీట నొక్కేవాడు. రేడియో దిగి, గోడ వారగా కాసేపు అటూ ఇటూ నడిచి, గాలి పీల్చుకుని, తర్వాతి బస్సులో పనికి పోయేవాడు. కండక్టర్లున్న రోజుల్లో ఈ పని కండక్టరు చూసుకునేవాడు. వాళ్ళని తీసేసి టిక్కెట్ల మిషన్లు పెట్టాక అన్నిటికీ మామయ్య ఒక్కడే. ఇలా దింపడం రూల్సులో లేదు. అయినా ఏళ్ళ తరబడి జరిగిపోయింది.

అది చూసి మరొకాయన నాకూ ఇక్కడే దగ్గర, దింపు అన్నాడు. మామయ్య కాదనలేక దింపాడు. ఆయన రోడ్డు పక్క కాలవ గట్టున జారి మోకాలు విరగ్గొట్టుకుని, డిపోకి పోయి ఫిర్యాదు చేశాడు. ఇంకోసారి స్టాపు కాని చోట తలుపు తీస్తే ఉద్యోగం ఉండదని మామయ్యకు మెమో ఇచ్చారు. అత్తయ్య ఆ కాగితాన్ని బీరువాలో పెట్టింది. మామయ్య తలలో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే అది జరిగింది. ముందు రావాల్సిన బస్సు రాలేదు. రెండు బస్సుల జనం ఒక్క బస్సులో కుక్కుకున్నారు. ఆ వారం రేడియోకి మాత్రలు దొరకలేదట, ఆ సంగతి తర్వాత తెలిసింది. సరిగ్గా గోడౌన్ మలుపులోకి వచ్చేసరికి ముందెక్కడో లారీ అడ్డం తిరిగి బండ్లన్నీ నిలిచిపోయాయి. రేడియో జనాన్ని తోసుకుంటూ తలుపు దగ్గరికొచ్చాడు.

"డ్రైవరూ, దిగుతా."

"స్టాపు రానీ, తీస్తా."

"ఇదే కదా స్టాపు."

అతని లెక్కలో అదే స్టాపు. ఏళ్ళ తరబడి మామయ్యే అలవాటు చేశాడు. ఇప్పుడు కాదంటే అతనికెలా ఎక్కుతుంది? తలుపు అద్దాన్ని గుప్పిళ్ళతో కొట్టడం మొదలుపెట్టాడు. ఎవరో కసిరారు, ఎవరో చొక్కా పట్టి వెనక్కి లాగారు. అప్పుడు అరిచాడు, "తలుపు తీయకపోతే ఎవర్నో ఒకర్ని చంపేస్తా" అని. గుడ్డసంచి గిరగిరా తిప్పాడు. అందులో ఉన్న అన్నం డబ్బా ఒకమ్మాయి నుదుటికి తగిలి రక్తం కారింది.

లిఫ్టులు బాగుచేసే మెకానిక్ ఒకతను లేచాడు. అతనూ రోజూ వచ్చేవాడే. ఆడవాళ్ళు నిలబడితే సీటిచ్చేవాడు, పిల్లల సంచులు ఒళ్ళో పెట్టుకునేవాడు. వెనకనుంచి రేడియో మెడ చుట్టూ చెయ్యి వేసి కిందికి లాగి, అలాగే బిగించి పట్టుకున్నాడు. ఇంకో ఇద్దరు కాళ్ళ మీద కూర్చున్నారు. వదలకు అన్నా, పోలీసులొచ్చేదాకా వదలకు అని చుట్టూ కేకలు. నాలుగైదు ఫోన్లు పైకి లేచాయి. కాసేపటికి కాళ్ళు కొట్టుకోవడం ఆగింది. మెకానిక్ ఇంకా పట్టుకునే ఉన్నాడు. రేడియో కట్టేశారు అని వెనకనుంచి ఎవరో అంటే కొందరు నవ్వారు కూడా.

మామయ్య ఇదంతా అద్దంలో చూశాడు. వేలు మీట మీదే ఉంది. నొక్కలేదు. దారి వదిలాక బస్సు నడిపి, రూలు ప్రకారం స్టాపులో ఆపి, రూలు ప్రకారం తలుపు తీశాడు. అప్పటికే రేడియో చనిపోయాడు.

మెకానిక్కి ఒక రెండు రోజులు మంచి పేరొచ్చింది. పిచ్చివాడి నుంచి బస్సుని కాపాడాడని వీడియో ఊరంతా తిరిగింది. డాక్టర్ల రిపోర్టు వచ్చాక కేసు పెట్టారు. హత్య కాదు గానీ, ప్రాణం పోయేంత బలం వాడిన నేరం. కోర్టు దగ్గర ఒక గుమాస్తా మాకు విడమరిచి చెప్పాడు. ప్రమాదం ఉన్నంతసేపు ఎదుటివాణ్ణి ఆపడానికి చట్టం ఒప్పుకుంటుందట, ప్రమాదం దాటాక ఒప్పుకోదట. ఇక తేలాల్సిందల్లా ఆ రోజు బస్సులో ఉన్నది ఎంత ప్రమాదం అని. వీడియోలన్నీ రేడియో కింద పడ్డాక మొదలయ్యాయి. అంతకుముందు ఏమన్నాడో చెప్పాల్సింది విన్నవాళ్ళే. చంపేస్తానన్నాడని అందరూ పోలీసులకు చెప్పారు. అబద్ధమేం కాదు. కానీ 'తలుపు తీయకపోతే' అన్న ముక్క ఎవరి వాంగ్మూలంలోనూ లేదు. మామయ్య వాంగ్మూలంలోనూ లేదు.

సాక్ష్యానికి పిలుపొచ్చిన దగ్గర్నుంచి ఆయనకి అన్నం సయించలేదు. ఒకరోజు పెరట్లో యూనిఫాం ఉతుక్కుంటూ నాతో అన్నాడు.

"వాడికి చంపాలని లేదురా, దిగాలని ఉంది. ఆ మొదటి ముక్క నేను చెప్పాలి."

"చెప్పెయ్ మామయ్యా."

"చెబితే, మరి నువ్వెందుకు తీయలేదని అడుగుతారు. ఇన్నాళ్ళూ ఎందుకు తీశావని కూడా అడుగుతారు."

"అడగనీ. ఉద్యోగం పోతే పోతుంది."

ఆయన నా వైపు ఓసారి చూసి చొక్కా పిండుకున్నాడు. చదువు మధ్యలో వదిలేసి, ఏ ఉద్యోగమూ వెలగబెట్టని నాలాంటివాడికి ఎదుటివాడి ఉద్యోగం పోవడం చిన్న విషయమే. అత్తయ్య తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. "కొరివితో తల గోక్కుంటానంటే నీ ఇష్టం. పోయినవాడు లేచొస్తాడా? అడిగినదానికి చెప్పు, అడగనిదానికి నోరు మూసుకో" అంది. అయినా కోర్టుకి బయల్దేరిన రోజు, చెప్పేస్తానురా అని గడప దాటాడు. ఇంట్లో పనీపాటా లేనివాణ్ణి నేనొక్కడినే కాబట్టి తోడుగా వెళ్ళాను.

ప్రభుత్వ లాయరు అడిగితే చూసింది చెప్పాడు. మెడ చుట్టూ చెయ్యి వేశాడని, కాళ్ళు ఆగిపోయాక కూడా తీయలేదని. ఆ తర్వాత మెకానిక్ తరఫు లాయరు లేచాడు. ఏ చెయ్యి అని అడిగాడు. కుడి చెయ్యి అన్నాడు మామయ్య. లాయరు వీడియో వేసి చూపించాడు. ఎడమ చెయ్యి. అద్దంలో కుడి ఎడమవుతుందని పసిపిల్లాడికి కూడా తెలుసు, కానీ ముప్ఫై ఏళ్ళు అద్దాన్నే లోకమనుకున్నవాడికి ఆ క్షణంలో గుర్తు రాలేదు. చేతులే తెలియనివారు కాళ్ళ సంగతేం చూశారు అన్నాడు లాయరు. వెనక బెంచీల్లో నవ్వులు. మామయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"చంపేస్తానని అన్నాడా లేదా?"

"అన్నాడండి, కానీ..."

"అవుననో కాదనో చెప్పండి చాలు."

"అన్నాడు."

లాయరు కూర్చున్నాడు. ప్రభుత్వ లాయరు ఇంకేమీ అడగలేదు. అప్పుడు జడ్జి కళ్ళజోడు తీసి, బోనులో చెమటలు కక్కుతున్న మనిషి వైపు చూశారు. గొంతులో కోపం లేదు.

"మీరు ఇందాక ఏదో చెప్పబోయారు. ఏమన్నా ఉంటే చెప్పండి."

రేడియో వాళ్ళక్క రెండో బెంచీలో కూర్చుని మామయ్యనే చూస్తోంది. ఆయన నా వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. నవ్వినవాళ్ళు మళ్ళీ నవ్వుతారనుకున్నాడో, బీరువాలో కాగితం గుర్తొచ్చిందో.

"ఏమీ లేదండి" అన్నాడు.

మెట్లు దిగుతుంటే రేడియో వాళ్ళక్క ఎదురొచ్చింది. వేళ్ళకి సూది గుచ్చుకున్న మచ్చలున్నాయి. తిట్టడానికి వచ్చిందనుకుని నేను అడ్డంగా నిలబడబోయాను. తిట్టలేదు.

"మీ బస్సయితే భయం లేదక్కా అనేవాడండీ. అడిగితే తలుపు తీస్తారని."

మామయ్య చేతులు జోడించాడు. ఆమె ఆ చేతుల వైపు చూసి వెళ్ళిపోయింది.

తీర్పులో మెకానిక్ని వదిలేశారు. తలుపులు మూసిన బస్సులో, తప్పించుకునే దారి లేని చోట, చంపుతానని బెదిరిస్తున్న మనిషి ఉన్నప్పుడు ప్రయాణికులు భయపడటం సహజమని రాశారు. ఆ తలుపులు ఎందుకు మూసి ఉన్నాయో రాయలేదు. రాయడానికి ఎవరైనా చెప్పాలి కదా. మెకానిక్ సంబరపడ్డాడని అనుకోవద్దు. తర్వాత ఒకసారి బజార్లో చూశాను, మనిషి సగమయ్యాడు. బస్సెక్కడం మానేసి సైకిలు మీద పనికి పోతున్నాడు.

ఇప్పుడు ఈ సంగతి ఎత్తితే, "నన్నెవరూ అడగలేదు" అంటాడు మామయ్య. డిపోలో అంటాడు, చుట్టాలతో అంటాడు. అలా అంటూ అంటూ తనే నమ్మాడు. అడిగారు. నేను అక్కడే ఉన్నాను, విన్నాను. ఆయన మొహం మీద మాత్రం అనలేదు. ఎప్పుడైనా అందామనుకుంటే, అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపేసి కూర్చునే ఆయన మొహం అడ్డొస్తుంది.

ఒకటి మాత్రం మారింది. ఎవరు ఎక్కడ దిగుతానన్నా తలుపు తీసేస్తున్నాడు. ఇంకో మెమో వచ్చింది. అత్తయ్య దాన్నీ బీరువాలో పెట్టి, తలుపు దఢాలున వేసింది. ఈయన పట్టించుకోలేదు. అప్పుడు లేని ధైర్యం ఇప్పుడెక్కడిదని నేనూ అడగలేదు.

రేడియో వాళ్ళక్క పనిచేసే షాపు వేరే చోటికి మారింది. ఆమె ఇప్పుడు ఆ బస్సులోనే వెళుతుంది. ముందు తలుపు దగ్గరే, తమ్ముడు నిలబడిన చోటే నిలబడుతుందట. గోడౌన్ మలుపు రాగానే మామయ్య బస్సు బాగా నెమ్మది చేసి, మీట మీద వేలు పెట్టి, అద్దంలో ఆమెనే చూస్తాడు. వెనక బండ్లు హారన్లు కొడతాయి. పోనీవయ్యా అని లోపలివాళ్ళు విసుక్కుంటారు. ఆమె గోడ వైపు చూస్తూ నిలబడుతుంది. స్టాపు వచ్చాక, అందరితో పాటు దిగిపోతుంది.